సమ్మర్ క్యాంప్ నిర్వాహకులకు బహిరంగ లేఖ: కౌన్సిలర్‌కి నేర్పించకుండా పిల్లల్ని అప్పజెప్పకండి

గౌరవనీయులైన క్యాంప్ డైరెక్టర్లకు, నిర్వాహకులకు, పిల్లల్ని క్యాంపులకి పంపే తల్లిదండ్రులకు,

నమస్కారం. నేను కొన్నేళ్ళుగా పిల్లలు రాత్రి కూడా ఉండే సమ్మర్ క్యాంపుల్లో కౌన్సిలర్‌గా, అంటే ఒక గుంపు పిల్లలతో పాటే ఉండి వాళ్ళని చూసుకునే మనిషిగా పనిచేస్తున్నాను, ఈమధ్య కొత్తగా చేరేవాళ్ళని చూసుకునే బాధ్యత కూడా నాకే ఇస్తున్నారు. ఈ లేఖలో ఉన్నవన్నీ ముందు నేను పనిచేసిన క్యాంప్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను, తర్వాత కాగితం మీద రాసి చేతికిచ్చాను, సీజన్ అయ్యాక పెట్టే మీటింగ్‌లో లేచి నిలబడి కూడా చెప్పాను. ప్రతిసారీ "మంచి పాయింట్ అండి, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. వచ్చే ఏడాది వచ్చింది, మళ్ళీ అదే పద్ధతి, అదే హడావిడి, పిల్లలు రావడానికి ఇంకా ఒక్క రాత్రే ఉందనగా బ్యాగులతో దిగిన కౌన్సిలర్లు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఆ క్యాంప్ పేరు చెప్పను, ఎందుకంటే చాలా చోట్ల ఇదే పరిస్థితి, వేరే క్యాంపుల్లో చేసే ఫ్రెండ్స్‌ని అడిగినా ఇవే మాటలు.

నేను అడిగేది ఒక్కటే. పిల్లలతో పొద్దున్నుంచి రాత్రి దాకా, రాత్రి నుంచి మళ్ళీ పొద్దున దాకా ఉండేది డైరెక్టర్ కాదు, బ్రోషర్‌లో ఫోటో ఉన్న ఎక్స్‌పర్టూ కాదు, కౌన్సిలర్. ఆ కౌన్సిలర్‌కి చాలా చోట్ల పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళే ఉంటాయి. ఆ వయసు తప్పు కాదు, ఆ వయసువాళ్ళే పిల్లలకి బాగా దగ్గరవుతారు, నేను కూడా ఆ వయసులోనే మొదలుపెట్టాను. కానీ ఇంటర్వ్యూలో మీరు అడిగేవి ఏంటి? పిల్లలంటే ఇష్టమేనా, పాటలు ఆటలు వచ్చా, ఎప్పటినుంచి జాయిన్ అవుతారు. అంతే. పిల్లలంటే ఇష్టం ఉండాలి, నిజమే, అది లేనివాళ్ళు రెండో రోజుకే చిరాకు పడిపోతారు. కానీ ఇష్టం ఒక్కటీ ఉంటే సరిపోదు, మిగతాది నేర్పించాలి, ఆ నేర్పించే పని మీది. ఇప్పుడు విషయాలు వరసగా చెప్తాను.

1. ఈ పని అసలు ఏంటో ముందే చెప్పట్లేదు

ప్రకటనలో సరదా, స్నేహం, ప్రకృతి అని రాస్తారు. అవి ఉంటాయి, నేను అబద్ధం అనను. కానీ రాత్రి నిద్రలో పక్క తడిపిన పిల్లాడిని పొద్దున్నే ఎలా కాపాడుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఒకసారి మా క్యాబిన్‌లో (పిల్లలు, కౌన్సిలర్ కలిసి పడుకునే గదిలో) అందరూ బ్రష్‌లు పట్టుకుని బయటికి పరిగెడుతుంటే ఒక పిల్లాడు మాత్రం దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు, కదలడు, మాట్లాడడు. చూడగానే అర్థమైంది. మిగతావాళ్ళని తోటి కౌన్సిలర్‌తో టిఫిన్‌కి పంపేసి, వాడి పక్కన కూర్చుని మెల్లగా "ఏం కాలేదు, చాలామందికి అవుతుంది" అని చెప్పి, నా దగ్గర ఎప్పుడూ పెట్టుకునే స్పేర్ షీట్ తీసి మార్చి, తడిసిన బట్టలు నా లాండ్రీ సంచిలో నా బట్టల కింద పెట్టి తీసుకెళ్ళిపోయాను. వాడు టిఫిన్‌కి అందరితో పాటే కూర్చున్నాడు, ఎవరికీ తెలీలేదు. ఇది నా తెలివి కాదు, నాకు మొదట్లో ఒక సీనియర్ అక్క నేర్పింది. అదే సీజన్‌లో పక్క క్యాబిన్‌లో అచ్చం ఇలాంటిదే జరిగితే కొత్తగా వచ్చిన అబ్బాయి "ఏంట్రా లేవవేంటి" అని అందరి ముందు దుప్పటి లాగేశాడు. ఆ పిల్లాడు వారం తిరక్కుండా ఇంటికెళ్ళిపోయాడు, మళ్ళీ ఏ క్యాంప్‌కీ రానన్నాడట. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదండి, తర్వాత చాలా ఏడ్చాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

2. నీళ్ళ దగ్గర మాకు తెలియాల్సినవి తెలియట్లేదు

ఇది నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం లేదు. మునిగిపోతున్న పిల్ల చేతులూపి "కాపాడండి" అని అరుస్తుందని చాలామంది కొత్త కౌన్సిలర్లు అనుకుంటారు. సాధారణంగా అలా జరగదు. ఊపిరి తీసుకోవడానికే సరిపోని మనిషి అరవలేడు. నోరు నీటి అంచున పైకీ కిందకీ అవుతుంటుంది, తల వెనక్కి వాలిపోతుంది, చేతులు పక్కలకి చాపి నీటిని కిందకి నొక్కుతుంటారు, కాళ్ళు పెద్దగా ఆడవు, మనిషి నీళ్ళలో నిటారుగా ఉంటాడు. చిన్నపిల్లలకైతే ఇది ఒక నిమిషం కూడా పట్టదు, చప్పుడు లేకుండా అయిపోతుంది. ఒడ్డున నిలబడ్డ కౌన్సిలర్ ఫోన్ వైపు ఒక్కసారి చూస్తే చాలు.

అందుకే బడ్డీ పద్ధతి ఉంది. ప్రతి పిల్లకీ ఒక జోడీ, పది పదిహేను నిమిషాలకోసారి విజిల్, విజిల్ వినగానే జోడీలు చేతులు పట్టుకుని పైకెత్తాలి, లెక్క చూడాలి, లెక్క తప్పితే ఆ క్షణమే అందరూ బయటికి. కాగితం మీద ఇది చాలా క్యాంపుల్లో ఉంది. నీళ్ళ దగ్గర పిల్లలు గోల చేస్తుంటే, టైమ్ అయిపోతుంటే, ఒకసారికి వదిలేద్దాం అనిపించే చోట కూడా ఆపకుండా చేయించడం మాత్రం ప్రాక్టీస్ చేయిస్తేనే వస్తుంది.

1993 మార్చిలో ఇంగ్లండ్‌లో లైమ్ బే దగ్గర స్కూల్ పిల్లలు ఒక యాక్టివిటీ సెంటర్ తరఫున కయాక్‌లలో (తెడ్డుతో నడిపే చిన్న పడవల్లో) సముద్రం మీదికి వెళ్ళారు, నలుగురు టీనేజ్ పిల్లలు చనిపోయారు. వెంట వెళ్ళిన ఇన్‌స్ట్రక్టర్లకి ఉన్న ట్రైనింగ్ చాలా బేసిక్. నన్ను ఇప్పటికీ కుదిపేసే విషయం ఏంటంటే, అంతకుముందు అక్కడ పనిచేసి మానేసినవాళ్ళు భద్రత బాలేదని ముందే ఉత్తరం రాసి హెచ్చరించారు. యాజమాన్యం పట్టించుకోలేదు. తర్వాత ఆ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్‌కి జైలు శిక్ష పడింది, కంపెనీకి కూడా శిక్ష పడింది, 1995లో బ్రిటన్ పార్లమెంట్ ఇలాంటి సెంటర్లకి లైసెన్స్ తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఉత్తరం అందినప్పుడే చదివి ఉంటే ఆ పిల్లలు ఈరోజు మధ్యవయసువాళ్ళు అయ్యుండేవారు.

2016 జూన్‌లో రష్యాలో కరేలియాలోని స్యామోజెరో సరస్సు మీద కూడా ఇదే. తుఫాను హెచ్చరిక ఉన్నా క్యాంప్ వాళ్ళు పిల్లల్ని పడవల్లో పంపారు, 14 మంది పిల్లలు చనిపోయారు. పెద్దవాళ్ళుగా వెంట ఉన్నవాళ్ళలో కాలేజీ విద్యార్థులే ఉన్నారు. వాతావరణం బాలేదు, ఈరోజు వెళ్ళం అని పై అధికారికి చెప్పగలిగే ధైర్యం, అలా చెప్తే ఉద్యోగం పోదన్న నమ్మకం, ఈ రెండూ కౌన్సిలర్‌కి ఎవరిస్తారు? మీరే ఇవ్వాలి.

3. ఫస్ట్ ఎయిడ్ అంటే బ్యాండేజ్ పెట్టె కాదు

నీళ్ళలోంచి తీసిన పిల్ల ఊపిరి తీసుకోకపోతే ముందు నోటితో శ్వాస ఇవ్వాలి, తర్వాత ఛాతీ నొక్కడం, ఒక్కరే ఉంటే 30 నొక్కులకి 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, పిల్లలకి సుమారు 5 సెంటీమీటర్ల లోతు. నేను ఇది రాయగలను, మీరు చదవగలరు, కానీ మనిషి ఆకారంలో ఉండే ట్రైనింగ్ బొమ్మ మీద చేతులు పెట్టి అలిసిపోయేదాకా నొక్కినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఆ టైమ్‌కి గుర్తు రాదు. వీడియో చూపించి సంతకం పెట్టించుకుని సర్టిఫికెట్ ఇవ్వడం ఆపండి.

ఎలర్జీ ఇంకొకటి. తీవ్రమైన ఎలర్జీ ఉన్న పిల్లకి ఊపిరి అందట్లేదంటే ఆడ్రినలిన్ ఇంజెక్టర్ (ముందే మందు నింపి ఉండే సూది) వెంటనే తొడ బయటి వైపు ఇవ్వాలి, బట్టల మీదుగా కూడా ఇవ్వొచ్చు, ముందు దద్దుర్ల మాత్ర వేసి చూద్దాం అని ఆగకూడదు, లేపి నడిపించకూడదు, పడుకోబెట్టాలి, ఊపిరి మరీ కష్టంగా ఉంటే కూర్చోబెట్టాలి, అంబులెన్స్ పిలవాలి. ఆ ఇంజెక్టర్ ఆఫీసు బీరువాలో తాళం వేసి, తాళం ఉన్న మనిషి ఊళ్ళోకి వెళ్ళిన రోజు నేను చూశాను. ఆ రోజు ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. ఏ పిల్లకి ఏం పడదు, ఎవరికి ఇన్‌హేలర్ ఉంది, ఎవరికి ఫిట్స్ వస్తాయి అనే కాగితం తల్లిదండ్రులు నింపి ఇస్తారు, అది ఆఫీసు ఫైల్లో ఉంటుంది, క్యాబిన్‌లో పడుకునే కౌన్సిలర్‌కి మాత్రం చేరదు.

4. ఇంటి బెంగ

క్యాంప్‌కి వచ్చిన పిల్లల్లో చాలామందికి ఏదో ఒక రోజు కొంచెమైనా బెంగ వస్తుంది, అది జబ్బు కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2007లో డాక్టర్ల కోసం ఇచ్చిన రిపోర్ట్‌లో కూడా ఇది దాదాపు అందరికీ వచ్చేదేనని, ముందునుంచీ ప్రిపేర్ చేస్తే తగ్గుతుందని చెప్పారు. తల్లిదండ్రులకి నా మనవి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, "నచ్చకపోతే ఫోన్ చెయ్, వచ్చి తీసుకెళ్ళిపోతాం" అని మాటివ్వకండి. ఆ మాట విన్న పిల్ల మొదటి రోజునుంచీ ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తుంది, ఇక్కడ ఏదీ మొదలుపెట్టదు. బదులుగా ముందే బంధువుల ఇంట్లో ఒకట్రెండు రాత్రులు ఉంచి చూడండి.

కౌన్సిలర్ల వైపు వస్తే, బెంగ పడ్డ పిల్లకి "ఏడవకు, పెద్దదానివయ్యావు" అని చెప్పడమే చాలామందికి తెలిసింది. వినాలి, పని ఇవ్వాలి, పడుకునే టైమ్‌లో పక్కన ఉండాలి, ఎందుకంటే బెంగ ఎక్కువగా లైట్లు ఆపాకే వస్తుంది. అన్నం మానేసి, నిద్ర మానేసి రోజులు గడుస్తుంటే అది మామూలు బెంగ కాదని గుర్తుపట్టి పైవాళ్ళకి చెప్పాలి. ఇవన్నీ ఒక్క పూటలో నేర్పించొచ్చు. ఆ పూట కూడా ఇవ్వట్లేదు.

5. ఎవర్ని తీసుకుంటున్నారో చూసుకోండి

ఇది రాయడం కష్టంగా ఉంది కానీ రాయక తప్పదు. పిల్లల మీద చెడు ఉద్దేశం ఉన్నవాళ్ళు పిల్లలుండే చోటే పని వెతుక్కుంటారు. పోలీస్ వెరిఫికేషన్ చెయ్యాలి, కానీ అందులో దొరికేది ఇంతకుముందు పట్టుబడ్డవాళ్ళు మాత్రమే. అందుకే పాత పని చోట ఫోన్ చేసి మాట్లాడటం, "ఈ మనిషిని మళ్ళీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా" అని సూటిగా అడగటం ముఖ్యం. రెఫరెన్స్ కాలమ్ నింపించుకుని ఆ నంబర్లకి ఒక్క కాల్ కూడా చెయ్యని క్యాంపులు ఉన్నాయి.

ఇంకా ముఖ్యమైంది రూల్. ఏ పెద్దవాళ్ళూ ఒక్క పిల్లతో నలుగురికీ కనపడని చోట ఒంటరిగా ఉండకూడదు. బట్టలు మార్చుకునే చోట, స్నానాల దగ్గర పద్ధతి రాసి ఉండాలి. పిల్లలతో పర్సనల్ చాట్లు, రహస్య గిఫ్ట్‌లు, "ఇది మన ఇద్దరి మధ్యే" అనే మాటలు కనిపిస్తే ఎవరికి చెప్పాలో ప్రతి కౌన్సిలర్‌కీ, ప్రతి పిల్లకీ తెలియాలి. ఈ రూల్ నిజాయితీగా పనిచేసే కౌన్సిలర్‌ని కూడా కాపాడుతుంది. నేను నా తోటి మనిషి గురించి అనుమానం చెప్పాల్సి వస్తే "క్యాంప్ పేరు పోతుంది" అనే మాట మీ నోట రాకూడదు.

6. నిద్ర, లెక్క, జీతం

అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ 1910 నుంచి ఉన్న సంస్థ. రాత్రి ఉండే క్యాంపుల్లో 6 నుంచి 8 ఏళ్ళ పిల్లలు ఆరుగురికి ఒక స్టాఫ్, 9 నుంచి 14 ఏళ్ళవాళ్ళు ఎనిమిది మందికి ఒకరు ఉండాలని వాళ్ళ ప్రమాణం. నేను ఒంటరిగా పద్నాలుగు మందిని చూసుకున్న రాత్రులు ఉన్నాయి, పక్క బెడ్ మీద ఉండాల్సిన తోటి కౌన్సిలర్ మానేస్తే కొత్తవాళ్ళని పెట్టలేదు. అందులో ఒకరికి జ్వరం వచ్చి నర్స్ దగ్గరికి తీసుకెళ్ళాలంటే మిగతా పదముగ్గురినీ ఎవరికి వదలాలి?

పొద్దున ఆరున్నరకి లేస్తే రాత్రి పిల్లలు పడుకుని, మీటింగ్ అయ్యి, మేం పడుకునేసరికి పన్నెండు. మధ్యలో ఎవరో ఒకరు లేస్తారు. ఇలా వారాలు గడిచాక అదే మనిషిని పొద్దున్నే స్విమ్మింగ్ దగ్గర నిలబెడతారు. జీతం గంటల లెక్కన ఉండదు, మొత్తానికి ఇంత అని ఇస్తారు, గంటలకి పంచి చూస్తే చెప్పుకోలేనంత తక్కువ. అమెరికాలోనే ఏడాదికి 7 నెలలకి మించి నడవని క్యాంపులకి కేంద్ర కనీస వేతన చట్టం నుంచి మినహాయింపు ఉంది. దీనివల్ల ఏమవుతుందంటే, ఇంటికి డబ్బు పంపాల్సిన అవసరం ఉన్న మంచి కుర్రాళ్ళు, అమ్మాయిలు రెండో ఏడాది రారు. ప్రతి ఏడాదీ అందరూ కొత్తవాళ్ళే. నేర్చుకున్నవాళ్ళు పోతే నేర్పించేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు?

ఇవన్నీ ఎవరి మీద పడతాయి? క్యాంప్ ఫీజు కోసం నెలనెలా దాచుకున్న తల్లిదండ్రుల మీద. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్తారు, సెలవుల్లో పిల్లని చూసుకునే మనిషి లేరు, అందుకే క్యాంప్‌కి పంపుతారు, వాళ్ళకి ఇది సరదా కాదు అవసరం. వాళ్ళు గేటు దగ్గర పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టి "జాగ్రత్తమ్మా" అని వెళ్ళిపోతారు. నాకు ట్రైనింగ్ ఉందని వాళ్ళ నమ్మకం, ఎందుకంటే మీ బ్రోషర్‌లో "శిక్షణ పొందిన సిబ్బంది" అని రాసి ఉంది.

చెయ్యడం కుదరదు అనేవాళ్ళకి ఒక ఉదాహరణ. ఫ్రాన్స్‌లో పిల్లల సెలవు క్యాంపుల్లో పనిచేసే కుర్రాళ్ళ కోసం బాఫా అనే సర్టిఫికెట్ ఉంది. మూడు మెట్లు. ముందు 8 రోజుల క్లాసులు, తర్వాత నిజం క్యాంప్‌లో 14 రోజుల ప్రాక్టికల్, ఆ తర్వాత ఇంకో 6 రోజులు ఏదో ఒక విషయం లోతుగా. 2022 నుంచి 16 ఏళ్ళకే మొదలుపెట్టొచ్చు. క్యాంప్ స్టాఫ్‌లో కనీసం సగం మందికి ఈ అర్హత ఉండాలి, ఏ అర్హతా లేనివాళ్ళు 20 శాతం దాటకూడదు. అంటే కుర్రాళ్ళని పక్కన పెట్టలేదు, నేర్పించి పెట్టారు. ఆ ప్రాక్టికల్ 14 రోజుల్లో వెనక ఒక అనుభవం ఉన్న మనిషి ఉంటారు, అది నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే మొదటిసారి పిల్లల గుంపు ముందు నిలబడినప్పుడు వచ్చే భయం పుస్తకంతో పోదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి, "మా" అంటున్నాను ఎందుకంటే నాతో పనిచేసిన చాలామంది కౌన్సిలర్లు ఈ లేఖ చదివి ఒప్పుకున్నారు:

1. పిల్లలు రావడానికి ముందు కనీసం ఒక వారం జీతంతో కూడిన ట్రైనింగ్. అందులో బొమ్మ మీద సీపీఆర్ (పైన చెప్పిన నోటి శ్వాస, ఛాతీ నొక్కడం), నీళ్ళ దగ్గర డ్రిల్, పిల్ల కనపడకపోతే ఏం చెయ్యాలి అనే డ్రిల్, బెంగ, పక్క తడపడం, పిల్లల మధ్య ఏడిపించుకోవడం, ఇవన్నీ ఉండాలి. ట్రైనింగ్ వారాన్ని టెంట్లు పాతడానికి, కుర్చీలు మొయ్యడానికి వాడొద్దు.

2. మొదటి సీజన్ కౌన్సిలర్‌కి ఒంటరిగా క్యాబిన్ ఇవ్వొద్దు. అనుభవం ఉన్నవాళ్ళతో జోడీ కట్టండి.

3. ప్రతి అభ్యర్థి విషయంలో కనీసం ఇద్దరు పాత యజమానులతోనో టీచర్లతోనో ఫోన్‌లో మాట్లాడి, ఏం చెప్పారో రాసి పెట్టండి. పోలీస్ వెరిఫికేషన్ రాకముందే క్యాబిన్‌లోకి పంపొద్దు.

4. ఎలర్జీ, మందుల వివరాలు ఆ పిల్లతో పడుకునే కౌన్సిలర్‌కి మొదటి రోజే చేరాలి. ఇంజెక్టర్, ఇన్‌హేలర్ పిల్ల ఎక్కడుంటే అక్కడ ఉండాలి.

5. వారానికి ఒక పూర్తి రోజు సెలవు, రోజుకి కొన్ని గంటల విరామం, రాత్రి తగినంత నిద్ర. నిద్రలేని మనిషిని నీళ్ళ దగ్గర నిలబెట్టొద్దు, ఈ ఒక్కదాంట్లో బేరం లేదు.

6. ప్రమాదం అనిపించినప్పుడు యాక్టివిటీ ఆపే హక్కు అందరికంటే చిన్న కౌన్సిలర్‌కి కూడా ఉంటుందని రాసి గోడ మీద అంటించండి. ఆపినందుకు ఎవరినీ తిట్టకూడదు, పంపెయ్యకూడదు.

7. కౌన్సిలర్లు ఇచ్చే ఫిర్యాదుకి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి, ఏం చేశారో చెప్పాలి. "చూద్దాం" జవాబు కాదు.

తల్లిదండ్రులకి ఒక మాట. క్యాంప్ ఎంచుకునేటప్పుడు స్విమ్మింగ్ పూల్ సైజు, రాక్ క్లైంబింగ్ ఉందా లేదా తర్వాత అడగండి. ముందు ఇవి అడగండి: మా పిల్ల క్యాబిన్‌లో ఎవరుంటారు, ఆ మనిషికి ఎన్ని రోజుల ట్రైనింగ్ ఇచ్చారు, ఒక్కరికి ఎంతమంది పిల్లలు, పోయినేడాది కౌన్సిలర్లలో ఎంతమంది మళ్ళీ వచ్చారు. ఆ చివరి ప్రశ్నకి జవాబు తడబడితే మీకు చాలా అర్థమవుతుంది.

ఈ పని చెయ్యాలనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి కూడా. రండి, ఇది మంచి పని, నా వరకు ఇంతకంటే ఇష్టమైన పని దొరకలేదు. భయపడే పిల్లతో ఓపికగా కూర్చోగలగాలి, అందరూ ఇష్టపడే పిల్లాడి కంటే ఎవరూ పక్కన కూర్చోని పిల్లాడి మీద కన్ను ఉండాలి, రోజంతా ఫోన్ ముట్టుకోకుండా ఉండగలగాలి, తెలీనిది తెలీదని అడగగలగాలి. గిటార్ రాకపోయినా ఏం కాదు. కానీ జాయిన్ అయ్యే ముందు ట్రైనింగ్ ఎన్ని రోజులు, సెలవు ఎప్పుడు, నా క్యాబిన్‌లో ఎంతమంది అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఫస్ట్ ఎయిడ్ కోర్స్ క్యాంప్ ఇవ్వకపోతే మీరే బయట చేసుకుని వెళ్ళండి.

డైరెక్టర్లూ, వచ్చే సీజన్‌కి మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టేలోపు మీ క్యాంప్ ఈ ఏడు డిమాండ్లలో ఏవి చేస్తుంది, ఏవి చెయ్యదు అన్నది మీ వెబ్‌సైట్‌లో తల్లిదండ్రులకి కనపడేలా పెట్టమని కోరుతున్నాను. చెయ్యలేనివి ఉంటే కారణం రాయండి, కూర్చుని మాట్లాడటానికి మేం సిద్ధం. ట్రైనింగ్ ఎలా పెట్టాలో తెలీట్లేదంటే నేను వచ్చి చేసిపెడతాను, ఫీజు అక్కర్లేదు. అది కూడా లేకుండా మళ్ళీ పాత పద్ధతిలోనే తీసుకుంటే ఈసారి ఈ లేఖని పిల్లల్ని చేర్చే ప్రతి తల్లికీ తండ్రికీ గేటు దగ్గరే చేతికిస్తాం.

ఇట్లు,
ఒక సీనియర్ క్యాంప్ కౌన్సిలర్, తోటి కౌన్సిలర్ల తరఫున